సాక్షి కాలేని అమ్మాయి

"పెన్ను ఆపేశారేం మేడంగారూ?" అన్నాడు మెకానిక్.

పక్కనున్న అమ్మాయి ఫారం మీద పెన్ను ఎత్తిపట్టుకునే ఉంది. కౌంటర్ అద్దం అవతల ఆఫీసరమ్మ గడియారం వంక చూసింది. ఇంకాసేపట్లో కౌంటర్ మూసేస్తారు. ఇవాళ దరఖాస్తు రసీదు చేతికి రాకపోతే రేపు బస్ డిపోలో అతనికి రావాల్సిన ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అమ్మానాన్నలెవరో తెలియకుండా అనాథల హోంలో పెరిగిన అతనికి గుర్తింపు కార్డు లేదు. అలాంటివాళ్లకు కాగితాలు ఇప్పించే సంస్థలో పనిచేసే ఈ అమ్మాయి, మూడేళ్లుగా అతని కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. మిగిలింది ఒక్క సాక్షి సంతకం.

నిన్న సాయంత్రం వానలో, ఒకే గొడుగు కింద, "నన్ను పెళ్లి చేసుకుంటారా?" అని అడిగేశాడు. ఆమె బదులు చెప్పకుండా బస్సెక్కేసింది. నా అన్నవాళ్లు లేనివాడికి అంత ఆశెందుకని రాత్రంతా తనని తానే తిట్టుకున్నాడు.

"నేను సంతకం పెట్టలేను," అందామె.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "నిన్నటి కోపం ఇలా తీర్చుకుంటున్నారా?"

"కోపమా! ఆవిడ ఇందాక, మీరు నాకేమవుతారని అడిగింది వినలేదా? బంధువు గానీ, కాబోయే బంధువు గానీ సాక్షిగా పనికిరారు." ఆమె ముఖం ఎర్రబడింది. "మీరు నాకేమీ కారని ఎలా చెప్పను?"

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఈ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా!"

"చెబితే సంతకానికి అడ్డొస్తుందనే నోరు మూసుకున్నాను. తీరా పెట్టబోతే చెయ్యి రాలేదు."

"సరసాలు తర్వాత," అంది ఆఫీసరమ్మ. "నిన్ను ఎరిగినవాళ్లు ఇంకెవరూ లేరా బాబూ?"

ఉన్నాడు, గ్యారేజ్ ఓనర్. కానీ పనిలో చేరిన రోజే ఆయనకు, "మావాళ్లంతా ఊళ్లో ఉన్నారు" అని కోతలు కోశాడు. ఇప్పుడు నిజం చెప్పి ఆయన ముందు తలెత్తుకునేదెలా?

"నేను ఇంతమందిలో చెప్పాను," అందామె. "మీకు ఒక్కరికి చెప్పడానికి సిగ్గా?"

ఫోన్ చేశాడు. తడబడుతూ, పెళ్లి మాటతో సహా అంతా చెప్పాడు. చెప్పడం అవగానే ఫోన్ కట్టయింది.

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఉద్యోగం పోయినా నా జవాబు మారదు."

షట్టర్ సగం దిగాక, వానలో తడుస్తూ, ఆయిల్ చేతుల్తోనే ఊడిపడ్డాడు ఓనర్.

"అమ్మా, ఒక్క నిమిషం!" అని అరిచి, మెకానిక్ వైపు తిరిగాడు. "ఒక్కనాడైనా సెలవడిగి ఊరెళ్లావుట్రా? నాకెప్పుడో తెలుసు. ఫోన్లో కబుర్లాడుతూ కూర్చుంటే ఇక్కడికెప్పుడు రాను?"

"ఇతను మీకేమవుతాడు?" అడిగింది ఆఫీసరమ్మ.

"ఏమీ కాడు."

సంతకం అయింది, స్టాంపు పడింది, రసీదు చేతికొచ్చింది. ఓనర్ చేతులు తుడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"మీ నాన్నగారి నంబరివ్వమ్మా. అబ్బాయి తరఫున మాట్లాడాల్సింది నేనే."