చలివేంద్రం క్యాను

బాత్‌రూములో ఉండాల్సిన బరువు మిషను డ్రైవ్‌వే మీదకి వచ్చిందంటే, తన్మయి వాళ్లింట్లో క్యాంపింగ్ రోజులు వచ్చినట్టే.

శనివారం మధ్యాహ్నం నాన్న వంశీధర్ ఒక్కో డబ్బా ఎత్తుకుని ఆ మిషను ఎక్కుతున్నాడు. పదేళ్ల తన్మయి నోట్‌బుక్ పట్టుకుని పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"తొంభై ఒకటి. దాంట్లో నా బరువు తీసెయ్. ఎంత?" అన్నాడు నాన్న.

"పదమూడు."

"వంట డబ్బా పదమూడు. రాసుకో."

"నాన్నా, పోయినేడు నీ బరువు డెబ్బై నాలుగు కదా? ఇప్పుడు డెబ్బై ఎనిమిదా?"

"అది ఈ లిస్టులో లేదు గానీ, నువ్వు రాయమ్మా."

లోపలి నుంచి అమ్మ నీరజ నవ్వు వినిపించింది.

ట్రైలర్ వాకిట్లో మూత తెరుచుకుని నిలబడి ఉంది. కారు వెనక తగిలించుకుని పోయే బండి అది. మూత ఎత్తితే పైన టెంటు లేస్తుంది, కింద పరుపు ఉంటుంది. ఆరేళ్ల కిందట రెండు కుటుంబాలు కలిసి దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాయి. ఒకటి వీళ్లది, రెండోది తన్మయి అక్కా అని పిలిచే ఉదయశ్రీ వాళ్లది. ఏటా సెప్టెంబరులో స్కూలు సెలవులివ్వగానే మెల్‌బోర్న్ నుంచి ఫ్లిండర్స్ కొండలకి బయల్దేరేవాళ్లు. అదంతా ఎర్రమట్టి ఎడారి. పగలు ఎండ, రాత్రి పళ్లు టకటకలాడే చలి. అమ్మలు, పిల్లలు ట్రైలర్‌లో పడుకునేవాళ్లు. నాన్నలిద్దరూ పక్కన చిన్న టెంటులో గురకల పోటీ పెట్టుకునేవాళ్లు.

ఈ జనవరిలో ఉదయశ్రీ వాళ్లమ్మ సుగుణ ఆంటీకి దేశానికి ఆ చివరన ఉన్న డార్విన్‌లో హాస్పిటల్ ఉద్యోగం వచ్చింది. వాళ్లు వెళ్లిపోయారు. ట్రైలర్ ఇక్కడే ఉండిపోయింది.

మూత లోపలివైపు సామాన్ల లిస్టు మాత్రం అలాగే అంటించి ఉంది. అది ఉదయశ్రీ చేతిరాత. 'దుప్పట్లు 6' అన్నచోట నాన్న ఆరుని కొట్టేసి మూడు వేశాడు. 'ప్లేట్లు 6' కూడా మూడయింది. ఆ గీతలు చూసినప్పుడల్లా తన్మయికి ఏడుపొస్తోంది. అందుకే అటు చూడకుండా రాస్తోంది.

చివరికి నాన్న లెక్క కూడాడు. "ఇంక నాలుగు కిలోలే మిగిలింది. బరువు ఎక్కువైతే ట్రైలర్ ఊగుతాది."

"మరి క్యారమ్ బోర్డు?"

గ్యారేజీలో గోడకి ఆనించి ఉన్న ఆ పెద్ద బోర్డు ఉదయశ్రీది. ప్రతి ఏడూ సాయంత్రాలు ట్రైలర్ పక్కన దాన్ని పరిచేవాళ్లు. ఎర్రమట్టి పడి కాయిన్లు కదలకపోతే ఉదయశ్రీ వాళ్ల నాన్న రాధాకృష్ణ అంకుల్ ఉఫ్ అని ఊదేవాడు, మట్టంతా పోయి అమ్మ టీ కప్పులో పడేది.

"అది పద్నాలుగు కిలోలు తల్లీ. ఈ తూరి పేకముక్కలు చాలు. అయినా ముగ్గురమే కదా, క్యారమ్స్ ఏం ఆడతాం?" అన్నాడు నాన్న.

తన్మయి నోట్‌బుక్‌లో 'పేకముక్కలు' అని రాసింది.

"ఇంకోటి," అన్నాడు నాన్న. "నీళ్ల డ్యూటీ ఈ తూరి నీది. ఇన్నేళ్లూ ఉదయ చేసింది. క్యాన్లు నింపల్ల, నిండుగా ఉన్నాయో లేదో తట్టి చూడల్ల, లిస్టులో సంతకం పెట్టల్ల."

నీళ్ల క్యాన్లు నాలుగు. ఒక్కోదాంట్లో ఇరవై లీటర్లు పడతాయి. మూడు తెల్లవి, నాలుగోది నీలం. నీలం క్యాను మీద మార్కర్‌తో రాసిన 'చలివేంద్రం' అన్న అక్షరాలు సగం వెలిసిపోయాయి. ఎండాకాలం మన ఊళ్లలో దారిన పోయేవాళ్ల కోసం చలివేంద్రం పెట్టి, కుండల్లో చల్లటి నీళ్లు ఉంచుతారు కదా, ఆ పేరే రాధాకృష్ణ అంకుల్ ఈ క్యానుకి పెట్టాడు.

"మూడు మనవి. నాలుగోది దారిది. దాన్ని మనం ముట్టుకోము," అని నాన్న మళ్లీ గుర్తుచేశాడు.

ఆ రోజే తన్మయి నాలుగూ నింపింది. నాన్న వాటిని ట్రైలర్ ముందున్న అరలో వరసగా పెట్టి బెల్టులు బిగించాడు.

ఆదివారం మధ్యాహ్నం నాన్న గ్యాస్ బాటిల్ తేవడానికి వెళ్లాడు. అమ్మ వంటింట్లో పులిహోరకి పోపు వేస్తోంది. తన్మయి మాత్రం గ్యారేజీలో క్యారమ్ బోర్డు ముందు నిలబడి ఉంది.

అప్పుడే తన్మయికో గొప్ప ఆలోచన తట్టింది. ఇలాంటి గొప్ప ఆలోచనలు ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడే ఎందుకు తడతాయో మీకూ తెలిసే ఉంటుంది.

నీలం క్యాను ప్రతి ఏడూ ఎలా వెళ్లిందో అలాగే నిండుగా తిరిగి వస్తుంది. అది తెరవగా తన్మయి ఒక్కసారీ చూడలేదు. పైగా ఈసారి వెళ్లేది ముగ్గురే. ముగ్గురికి మూడు క్యాన్లు ఉన్నాయి.

తన్మయి నీలం క్యాను ట్యాప్ తిప్పింది. ఇరవై లీటర్లూ గడ్డిలోకి పారాయి. తర్వాత బోర్డుని స్కేట్‌బోర్డు మీదకెక్కించి, తోసుకుంటూ తీసుకొచ్చి, చెమటలు కక్కుతూ ట్రైలర్‌లో పరుపు కిందకి నెట్టింది. ఇరవై కిలోలు తీసి పద్నాలుగు పెట్టింది కాబట్టి బరువు ఇంకా తగ్గింది. తను చేసింది తప్పు కాదని మనసుకి చెప్పుకుంది.

లిస్టులో 'నీళ్లు 4' పక్కన ఉదయశ్రీ సంతకాలు అయిదు ఉన్నాయి. వాటి కింద తన్మయి తన పేరు రాసింది. ఎవరైనా చూస్తారేమోనని గబగబా గీకేసింది.

నాలుగింటికి ఉదయశ్రీ వీడియో కాల్ చేసింది. వెనక ఫ్యాన్ గిరగిరా తిరుగుతోంది.

"ఇక్కడ అప్పుడే ఉక్కపోత చంపేస్తోంది. మీరు రేపేగా బయల్దేరేది? ట్రైలర్ చూపించవే," అంది.

తన్మయి అమ్మ ఫోన్ పట్టుకుని ట్రైలర్ చుట్టూ తిప్పింది.

"అబ్బ, నా లిస్టు ఇంకా ఉందా," అని ఉదయశ్రీ ముఖం స్క్రీన్‌కి దగ్గరగా తెచ్చింది. "నాకు రావాలనుంది తన్మయీ. సీరియస్‌లీ, ఐ మిస్ ఇట్ సో మచ్. సరే, క్యాన్లు తట్టావా?"

"ఊఁ."

"నీలం క్యాను చూస్తే నాకు నీ ఏడుపే గుర్తొస్తుంది."

"నా ఏడుపా? ఎప్పుడు?"

"నీకు తెలీదా? మన ఫస్ట్ ట్రిప్ అప్పుడు నీకు నాలుగేళ్లు. మట్టిరోడ్డు మీద టైర్ పేలిపోయింది. ఆ కుదుపుకి మనకున్న ఒక్క క్యానూ పగిలి నీళ్లన్నీ పోయాయి. రెండు గంటలు ఒక్క బండీ రాలేదు. నువ్వు నీళ్లు నీళ్లు అని ఒకటే ఏడుపు. తర్వాత ఏడుపు ఆపేశావు. అప్పుడు నీరజ ఆంటీ ఏడవడం మొదలెట్టింది."

తన్మయి ఫోన్ గట్టిగా పట్టుకుంది.

"అప్పుడో ముసలాయన, ముసలామె పాత ట్రక్కులో వచ్చారు. వాళ్ల బండి మీద ఉన్న క్యాను దించి ఇచ్చారు. ఆ నీలం క్యానే అది. నువ్వు దాని మూతతో నాలుగు మూతలు తాగావు. నేను లెక్కపెట్టాను. క్యాను తిరిగి ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. మీకింకా చాలా దూరం ఉంది, ఉంచుకోండి అంది. అందుకే మా నాన్న దానికి ఆ పేరు పెట్టాడు."

"నాకెవరూ చెప్పలేదు అక్కా."

"నువ్వు భయపడతావని ఆంటీ వద్దంది. ఇప్పుడు పెద్దదానివయ్యావుగా. ఈసారి నేను లేను కానీ, ఆ క్యానుంటే నాకు మీ గురించి బెంగ లేదు."

కాల్ అయిపోయింది. అమ్మ వేడి పులిహోర గిన్నెలో పెట్టి ఇచ్చింది. పులిహోరంటే ప్రాణం పెట్టే పిల్ల, రెండు ముద్దలు కూడా తినలేకపోయింది.

"ఏంటే, ఉప్పు తక్కువైందా?" అంది అమ్మ.

తన్మయి తల అడ్డంగా ఊపి గిన్నె పక్కన పెట్టేసింది. వాకిట్లో నాన్న గ్యాస్ బాటిల్‌కి బెల్టు బిగిస్తున్నాడు.

"నాన్నా, నాలుగోది ఖాళీ."

"ఏది?"

"చలివేంద్రం క్యాను. నేనే పారబోశాను. క్యారమ్ బోర్డు పరుపు కింద పెట్టాను."

నాన్న చెయ్యి ఆగిపోయింది. వెళ్లి నీలం క్యాను బెల్టు విప్పి ఒక్క వేలితో పైకెత్తాడు. అది తేలిగ్గా లేచింది. ఆయన ముఖం చూసి తన్మయి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏంటికి చేసినావు?"

"అన్నీ మూడు మూడు అని రాసేస్తున్నావు కదా. ఒక్కటైనా ఎప్పటిలాగే ఉండాలనిపించింది," అంటూ తన్మయి ఏడ్చేసింది.

నాన్న ట్రైలర్ అంచున కూలబడ్డాడు.

"ఆ ఆరుని కొట్టేసేటప్పుడు నాకూ మనసు బాగలేదు," అన్నాడు. "బోర్డు ఏంటికి కావల్లని నిన్ను ఒక్క మాట అడిగుండాల్సింది. అడగలేదు. కానీ తల్లీ, అక్కడ ట్యాప్ తిప్పితే నీళ్లు రావు. ఇది ఖాళీ అని మనకి అక్కడికి పోయినాక తెలిసుంటే?"

"తెలుసు. ఉదయక్క చెప్పింది. అంతా చెప్పింది."

నాన్న దాని కళ్లు తుడిచాడు. "నా కుర్చీ, ఆ చిన్న టేబుల్ తీసేస్తే బోర్డు పెట్టుకోవచ్చేమో. తూచి చూద్దామా?"

తన్మయి మూత మీది లిస్టు వైపు చూసింది. "వద్దు నాన్నా. ఉదయక్క వచ్చినప్పుడు తీసుకెళ్దాం. అప్పుడు మళ్లీ ఆరు అని రాసుకుందాం."

బోర్డుని ఇద్దరూ కలిసి గ్యారేజీలోకి మోశారు. కాయిన్ల సంచీలోంచి ఎర్ర కాయిన్ ఒక్కటి మాత్రం తన్మయి తీసి జేబులో వేసుకుంది. ముందు దాన్ని తూచింది కూడా. మిషను సున్నా చూపించింది.

తర్వాత హోస్ పైపు తెచ్చి నీలం క్యాను నింపింది. నాన్న సాయం వస్తానంటే వద్దంది. నీళ్లు గొంతుదాకా వచ్చేవరకూ కదలకుండా అక్కడే నిలబడింది. మార్కర్ తెచ్చి, వెలిసిపోయిన అక్షరాల మీద మళ్లీ దిద్దింది. లిస్టులో తన సంతకాన్ని అడ్డంగా కొట్టేసింది.

"కొట్టేసినావేం? ఇప్పుడు నింపినావు కదా," అన్నాడు నాన్న.

"అది అబద్ధం సంతకం. రేపు పెడతాను."

సోమవారం పొద్దున ఆరింటికి కారు స్టార్టయింది. గాలి చల్లగా ఉంది. ముందు సీట్లో అమ్మ ఒళ్లో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చుంది.

"ఒక్క నిమిషం," అని తన్మయి సీటు బెల్టు తీసేసింది.

"నేను చూసినాలే, అన్నీ నిండుగానే ఉన్నాయి," అన్నాడు నాన్న.

తన్మయి అప్పటికే దిగిపోయింది. ట్రైలర్ దగ్గరికి వెళ్లి, వేలి కణుపుతో మొదటి క్యాను తట్టింది. రెండోది తట్టింది. మూడోది తట్టింది. నీలం క్యాను మీదకి వంగి, చెవి ఆనించి, రెండుసార్లు తట్టింది. లోపల ఎక్కడా డొల్ల శబ్దం లేదు.

ట్రైలర్ మూత కొంచెం ఎత్తి, ఉదయశ్రీ అయిదు సంతకాల కింద, కొట్టేసిన పేరు పక్కన, మళ్లీ తన పేరు రాసింది. ఈసారి ఒక్కో అక్షరం నిదానంగా రాసింది.