నూనె మరక లేని వేలిముద్ర

ఉదయం పది నలభై. పెట్టె మాయం.

పెదకాకాని దాటాక ఉన్న ఓ ప్రైవేటు మెడికల్ కాలేజీలో, డాక్టర్ శివరామకృష్ణ గదిలోని బీరువా బార్లా తెరిచి ఉంది. మిర్చి తొడిమెలు తీసే ఆడకూలీల గుండె జబ్బుల మీద ఆయన చేసిన పరిశోధనకు సాయంత్రం నాలుగింటికి అవార్డు. ఆరొందల పన్నెండు మంది వేలిముద్రలు వేసిన ఒరిజినల్ ఫారాలు ఆ పెట్టెలోనే ఉన్నాయి. మూడింటికి జ్యూరీ వాటిని చూడాలి.

"దొంగ షాజాదీ," అన్నాడాయన. "మా టెక్నీషియన్. పరిశోధన పేపర్లో తన పేరు వెయ్యలేదని కడుపుమంట. అరెస్ట్ చెయ్యండి."

అప్పుడే పట్టుపంచె కట్టి, సెంటు కొట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆ వాసనకి సీఐ షఫీక్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

బీరువా తాళం పగల్లేదు. షఫీక్ వంగి చూశాడు. బీరువా కింద ఒక ఫారం జారిపడి ఉంది. పేరు బసవమ్మ. తేదీ 2024 మార్చి 12. ఈసీజీ నార్మల్. వేలిముద్రలో గీత గీతా తెలుస్తోంది.

దాన్ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పెట్టి చూశాడు. జేబులో పెట్టుకున్నాడు.

షాజాదీ హాల్లో ఉంది. ఎగ్జిబిషన్ కోసం ఈసీజీ మిషన్ తుడుస్తోంది.

"బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందమ్మా?"

"డాక్టర్ గారి దగ్గరే సార్. ఒకటే తాళం."

"ఎంతమందికి ఈసీజీ తీశావు?"

"రెండొందల పద్నాలుగు. తర్వాత మిషన్ తీసేసుకున్నారు."

"పేపర్లో ఆరొందల పన్నెండు అని ఉందే?"

ఆమె తల వంచుకుంది. "బసవమ్మకి ఒకటే ఆయాసం సార్. ఆమెకన్నా తీస్తా, మిషన్ ఇవ్వండని రెండుసార్లు అడిగా. ఇవ్వలా. దొంగతనం నా మీద పడితే ఇక ఎక్కడా ఉజ్జోగం దొరకదు. ఇద్దరు ఆడపిల్లలు సార్."

"నువ్వు రాసిన ఫారం ఒక్కటైనా ఉందా?"

బ్యాగులోంచి తీసిచ్చింది. వేలిముద్ర వేయించాక తేదీ తప్పుపడిందని పక్కన పెట్టేసిన ఫారం. షఫీక్ దాన్నీ వెలుతురుకి ఎత్తాడు. చాలాసేపు చూశాడు.

"డాక్టర్ గారి కారు డిక్కీ చూడు," అని కానిస్టేబుల్‌కి చెప్పాడు.

మూడు గంటల పది నిమిషాలు. చప్పట్లు కొట్టడానికి అరవై మంది కూలీలను పనిలోంచి లేపి, ట్రక్కు ఆటోల్లో కుక్కి తెచ్చారు. వాళ్ల జబ్బుకి వచ్చిన అవార్డుకి వాళ్ల చేతే చప్పట్లు. షఫీక్‌కి ఒళ్లంతా రోత పుట్టింది.

తాడేపల్లి నుంచి వచ్చిన జ్యూరీ డాక్టర్ అఖిల అడిగింది. "ఒరిజినల్స్ ఏవండీ?"

"దొంగ ఎత్తుకుపోయింది మేడం," అన్నాడు శివరామకృష్ణ.

"ఇక్కడే ఉన్నాయి," అంటూ షఫీక్ డాక్టర్ కారు డిక్కీలో దొరికిన పెట్టెను బల్ల మీద పెట్టాడు. "బసవమ్మగారూ, ఇలా రండి. ఈ తెల్లకాగితం మీద వేలు వెయ్యండి."

ఆమె కూలీల్లోంచి లేచి, స్టేజీ మూడు మెట్లెక్కి, రొప్పుతూ సిరా అద్దుకుని వేలు వేసింది. షఫీక్ కాగితాన్ని లైటుకి ఎత్తాడు. మసకగా ముద్ర. దాని చుట్టూ వెలుతురు కనబడే నూనె మరక.

"మా అమ్మ ఇరవయ్యేళ్లు తొడిమెలు తీసింది. చేతులు మండకుండా నూనె రాసుకునే పనిలో కూర్చుంటారు. పనిలో ఉండగా వేసిన ముద్రకి ఈ మరక తప్పదు. షాజాదీ తీసిన రెండొందల పద్నాలుగింటికీ ఉంది. మిగతా మూడొందల తొంభై ఎనిమిదింటికీ లేదు. వాటన్నిటి మీదా ఒకటే వేలు. ఎవరిదో ల్యాబ్ చెబుతుంది. ఇది జ్యూరీ కంట పడకూడదనే పెట్టె మాయమైంది. అమ్మా, మీకు ఈ మిషన్ ఎప్పుడైనా పెట్టారా?"

"నాకెవరు పెడతారయ్యా," అంది బసవమ్మ.

శివరామకృష్ణ అఖిల వైపు వంగాడు. "ఫంక్షన్ వాయిదా వేస్తే చాలు కదా మేడం?"

అఖిల కుర్చీ దూరంగా జరుపుకుంది.

షాజాదీ ఇవేవీ వినలేదు. బసవమ్మను బల్ల మీద పడుకోబెట్టి, చీర అడ్డం పట్టించి వైర్లు తగిలించింది. కాగితం బయటికొచ్చింది. అఖిల అందుకుని చూసి, వెంటనే 108కి ఫోన్ చేసింది.

అంబులెన్స్ వెళ్లాక షాజాదీ షఫీక్ దగ్గరికొచ్చింది.

"ఆ దొంగ ఫారాలు నాకు కావాలి సార్."

"ఎవిడెన్స్ అమ్మా. ఇవ్వకూడదు. ఎందుకు?"

"మిగతా మూడొందల తొంభై ఏడుగురి పేర్లూ వాటిల్లోనే ఉన్నాయి. మిషన్ ఇప్పుడు నా చేతిలో ఉంది."

షఫీక్ పెట్టె ఎత్తుకుని జిరాక్స్ గదికి నడిచాడు.