సంపు కడిగిన రోజు

అద్దాల అరలో నలభై మూడు చేపపిల్లలు గుంపుగా తిరుగుతున్నాయి. ఒక్కొక్కటీ బియ్యపుగింజంత. డాక్టర్ పేరి సోమశేఖరం భూతద్దంలోంచి మరోసారి లెక్కపెట్టి, పనిమనిషి నూకరత్నం వైపు గర్వంగా చూశాడు.

"ఒక్కటి కూడా తగ్గలేదు!"

"ఎందుకు తగ్గుతాయి బాబూ? ఆ పంపు నోటికి వలముక్క కట్టింది నేను కాదేటి?"

ఆ మాట నిజమే. కాని డాక్టరు గారి రిపోర్టులో అది ఎక్కలేదు.

అప్పటికి విశాఖ సముద్రంలో కుంకుమచేప కనబడి పన్నెండేళ్ళయింది. అది తిరిగి వచ్చేదాకా ఏ పడవా నీళ్ళలో దిగకూడదని చట్టం. నూకరత్నం వాళ్ళ పేటలో పడవలు ఇసుకలో బోర్లా పడి ఎండిపోతున్నాయి. ప్రపంచం మొత్తం మీద మిగిలిన జంట డాక్టరు గారి హాల్లోని ఉప్పునీటి అక్వేరియంలో ఉంది. సోమవారం అధికారులు వచ్చి ఈ పిల్లల్ని సముద్రంలో వదులుతారు. ఆ రోజే పడవలకి అనుమతి. అందుకే ఆవిడ ఈ ఇంట్లో అంట్లు తోముతూ, ఈ పిల్లల్ని కడుపున పుట్టినవాటిలా సాకింది.

డాక్టరు కనిపెట్టిన ఏర్పాటు చెప్పుకోదగ్గదే. పైన పెద్ద తొట్టి. దాని కింద, బీరువాలో, మూడు అరల అద్దాల పెట్టె. దాన్నే సంప్ అంటారు. పై తొట్టి నీళ్ళు గొట్టంలోంచి మొదటి అరలోకి దిగుతాయి. అక్కడ స్కిమ్మర్ మురికిని నురగ కట్టించి తీసేస్తుంది. నడిమి అర రెఫ్యూజియం, అంటే తలదాచుకునే చోటు. కుంకుమచేపకి కన్నపిల్లల్నే మింగే గుణం ఉంది కనక, పిల్లలు ఇక్కడ నాచు మధ్య, దీపం కింద పెరుగుతాయి. మూడో అరలోని పంపు శుభ్రమైన నీటిని మళ్ళీ పైకి తోస్తుంది. ఆవిరై తగ్గిన నీటిని నింపడానికి మంచినీళ్ళ కుళాయీ, ఖాళీ చెయ్యడానికి కాలవలోకి గొట్టమూ ఉన్నాయి.

వీటన్నిటినీ నడిపే యంత్రం పేరు 'విధేయ'. చెప్పిన మాట వింటుంది, చెప్పినట్టు చేస్తుంది. డాక్టరు దానికి రేడియో వార్తల తెలుగు నేర్పాడు.

"నా మాట కూడా దానికి నేర్పండి బాబూ. మీరు లేనప్పుడు ఏదైనా అయితే?" అని నూకరత్నం రెండుసార్లు అడిగింది.

"నీ యాస నేర్పాలంటే ఇంకో ఆర్నెల్లు కావాలి. అయినా నువ్వు దానికి చెప్పాల్సిందేముంది?" అన్నాడాయన, నవ్వుతూ.

శనివారం పొద్దున్న అపార్ట్‌మెంటుకి నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. సోమశేఖరం అక్వేరియం పక్కనే నిలబడి, చెప్పులు వేసుకుంటూ, ఫోన్లో వాచ్‌మన్‌ని కసిరాడు. "సంపు పూర్తిగా ఖాళీ చెయ్యి. శుభ్రంగా కడిగి మంచినీళ్ళు పట్టు. ఇప్పుడే!" దగ్గరుండి చూసుకుందామని ఆయన కిందికి వెళ్ళిపోయాడు.

తెలుగువాడి ఇంట్లో సంపు అంటే నేలకింద మంచినీళ్ళ తొట్టి. విధేయకి ఆ సంగతి తెలియదు. దానికి తెలిసిన సంప్ ఒక్కటే.

వంటింట్లో ఉన్న నూకరత్నానికి బీరువాలో గుడగుడ వినిపించింది. వచ్చి చూసేసరికి నీళ్ళు సగానికి దిగిపోయాయి.

"ఓలమ్మో! ఆపీ! నీల్లు ఒగ్గీకు! పిల్లలు సచ్చిపోతాయి, ఆపీయే!"

"క్షమించండి, అర్థం కాలేదు. దయచేసి తెలుగులో మాట్లాడండి," అంది విధేయ మర్యాదగా.

"నేను మాటాడతన్నది ఏటే మరి!"

"దయచేసి తెలుగులో మాట్లాడండి."

బీరువా తలుపు డాక్టరు గొంతుకే తెరుచుకుంటుంది. ఆవిడ రోకలితో ఆ తలుపు అద్దం పగలగొట్టింది. చెయ్యి చీరుకుపోయింది. స్టీలు చెంబుతో పై తొట్టి ఉప్పునీళ్ళు ముంచుకుని, అడుగున కొట్టుకుంటున్న పిల్లల్ని చీరచెంగుతో తోడింది. తొమ్మిది దక్కాయి. మిగిలినవి కాలవలోకి పోయాయి. విధేయ నియమం తప్పకుండా కడిగి, మంచినీళ్ళు పట్టి, దీపం వెలిగించింది.

సోమశేఖరం తిరిగొచ్చేసరికి పగిలిన అద్దం, నేలమీద నెత్తురు, నిండుగా మెరుస్తున్న సంప్, పనిమనిషి చేతిలో తన చేపలు.

"దొంగముండా! నా చేపలెత్తుకెళ్తావా?"

"బాబూ, బాబూ, అది మంచినీ..."

ఆయన చెంబు లాక్కుని రెఫ్యూజియంలో గుమ్మరించాడు. తొమ్మిదీ ఒక్క క్షణం గిలగిల్లాడి, తెల్లబడి, పైకి తేలాయి. ఉప్పునీటి ప్రాణికి మంచినీళ్ళు విషమని ఆయన నాలుగు పుస్తకాల్లో రాశాడు. పంపు అప్పటికే అదే నీటిని పైకి తోసేసింది. మధ్యాహ్నానికి పాత జంట కూడా పోయింది.

సాయంత్రం విధేయలో రికార్డయిన శబ్దాలు విన్నాడాయన. ముందు తన గొంతు, తరవాత ఆవిడ గొంతు. రెండుసార్లు విన్నాడు. ఆ పైన అధికారుల ఫారంలో కారణం దగ్గర 'మానవ తప్పిదం' అనీ, పేరు దగ్గర 'నూకరత్నం' అనీ రాసి సంతకం చేశాడు. ఆ చేప ఇక రాదు కనక నిషేధాన్ని శాశ్వతం చేశారు. పేటలోని పడవలు వంటచెరకయ్యాయి. ఆవిడ మొహాన ఉమ్మింది అధికారులు కాదు, పేటవాళ్ళే.

విధేయని మాత్రం బాగుచేశారు. కొత్త యంత్రం 'ఏ సంపు?' అని అడుగుతుంది. పనికిరాని చప్పుళ్ళకి జవాబు చెప్పి కాలం వృథా చెయ్యకుండా, వాటిని గుర్తుపట్టడం కూడా నేర్పారు. ఆ చప్పుళ్ళ జాబితాలో కుక్కర్ విజిల్‌కీ మిక్సీ మోతకీ మధ్య నూకరత్నం కేక ఉంది. ఇప్పుడు ఎవరైనా అలా అరిస్తే విధేయ క్షమించమని కూడా అనదు.