అత్తగారి నడక

“గంట... ఒక్క గంట చూసుకోలేకపోయారా వదినా!”

దౌరెన్ గుమ్మంలోనే నిలబడి అరిచాడు. అల్మాటీ నగరం నుంచి వచ్చిన రైలు దిగి నేరుగా ఇంటికే వచ్చాడు, బూట్లకంటిన మంచైనా దులుపుకోలేదు. పొయ్యి దగ్గర టీ కాస్తున్న రౌషాన్ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ముందురోజు ఆమె ఆవు పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్ళిన సమయంలో, అత్తగారు ఉల్బికే ఎవరికీ చెప్పకుండా వాకిట్లోకి వచ్చి, గడ్డకట్టిన మెట్టు మీద కాలు జారి పడింది. రౌషాన్ పాలబకెట్టుతో తిరిగి వచ్చేసరికి ముసలావిడ మంచులో పడి మూలుగుతోంది! ఎముక విరగలేదు, అదే అదృష్టం అన్నాడు డాక్టరు. పడింది అత్తగారే అయినా తప్పు మాత్రం కోడలి నెత్తినే పడింది. ఎక్కడైనా అంతే కదా!

“పాలు పితకడానికి వెళ్ళాను చిన్నబాబూ... ఇంతలోనే...”

“మీకు ఆవు ముఖ్యమా, మా అమ్మ ముఖ్యమా?”

మా అమ్మ! ఆ మాట విన్న ప్రతిసారీ రౌషాన్ గుండె కలుక్కుమంటుంది. ఎందుకంటే ఆమె దౌరెన్‌కి వదిన కాదు... కన్నతల్లి!

ఆ వైపు ఊళ్ళలో తొలిచూలు బిడ్డని నాయనమ్మా తాతా తీసుకుంటారు. వాళ్ళే పెంచుకుంటారు, బిడ్డ వాళ్ళనే అమ్మా నాన్నా అంటాడు, కన్నవాళ్ళేమో అన్నావదినలవుతారు. ఇందులో ఎవరికీ వింత లేదు. మనసారా ఇచ్చిన కోడలిని నలుగురూ మెచ్చుకుంటారు కూడా. ఆ తర్వాత ఎలాగూ పిల్లలు పుడతారు కదా అనే ధీమాతోనే ఇస్తారు. కానీ రౌషాన్‌కి మళ్ళీ పుట్టలేదు! భర్త కూడా రైలుపట్టాల పనిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఉన్న ఒక్క కొడుకూ మరిది వరసయ్యాడు. అత్తింటివాళ్ళ పేర్లు కోడలు పలకకూడదు గనుక, తొమ్మిది నెలలు మోసి కన్నవాణ్ణి పేరుపెట్టి పిలుచుకునే భాగ్యం కూడా ఆమెకి దక్కలేదు. ‘చిన్నబాబు’ అంటుంది, అంతే. ఇవన్నీ దౌరెన్‌కి తెలియనివి కావు. అన్నీ తెలుసు. తెలిసినా, చిన్నప్పటినుంచి నోటికి అలవాటైన వరసే మనసుకీ అలవాటైపోయింది.

దౌరెన్ టీ అయినా తాగకుండా సంచీ విప్పాడు. అందులోంచి సబ్బుబిళ్ళంత తెల్లపెట్టెలు కొన్ని బయటపడ్డాయి. వాటికి తీగల్లేవు, మేకులక్కర్లేదు. కుర్చీ ఎక్కి ఒకటి అత్తగారి గది మూలన అంటించాడు, ఒకటి ముందుగదిలో, ఒకటి వంటగదిలో, ఒకటి వాకిలి తలుపు పైన. టీవీ పక్కన ఇంకో పెట్టె పెట్టి కరెంటుకి తగిలించాడు.

“ఏమిట్రా అవి, పిచ్చుకలకి గూళ్ళు కడుతున్నావా?” మంచం మీంచి అడిగింది ఉల్బికే.

“సెన్సార్లమ్మా. నువ్వు కదిలితే ఏ గదిలో కదిలావో అక్కడ అల్మాటీలో నా ఫోన్‌లో కనిపిస్తుంది. పొద్దెక్కినా కదలిక లేకపోతే ఫోన్ మోగుతుంది.”

“నా బొమ్మ పడుతుందా?”

“బొమ్మ పడదు. కదలిక ఒక్కటే.”

“పోనీలే. తలగుడ్డ లేకుండా కాసేపు కూర్చోవచ్చన్నమాట!”

ఆవిడ నవ్వింది, దౌరెన్ నవ్వాడు. నవ్వుతున్నవాడల్లా రౌషాన్ వైపు తిరిగేసరికి మొహం బిగిసిపోయింది.

“ఇకనుంచి ఇక్కడ ఏం జరుగుతోందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు వదినా, ఇవే చెబుతాయి. ఇంకోమాట. అమ్మ నడవలేని రోజు వస్తే ఈ ఊళ్ళో ఒక్కపూట కూడా ఉంచను. అల్మాటీ తీసుకెళ్ళిపోతాను.”

కాపలా అత్తగారికి కాదు, తనకి! ఆ సంగతి రౌషాన్‌కి అర్థమైంది. కొడుకు కళ్ళకి తను దొంగలా కనబడుతోంది... అయినా ఆమె టీ మళ్ళీ వేడిచేసి, అతనికిష్టమైన బౌర్సాకులు, పులిసిన పిండితో చేసే ఉండలు, నూనెలో వేయించి ముందు పెట్టింది. అతను రెండు తిని, మిగిలినవి అమ్మకి పెట్టమని లేచాడు.

ఉల్బికే కోలుకుంది. చేతికర్రతో గదంతా తిరిగింది. రోజూ దౌరెన్ ఫోన్ చేసి, “అమ్మా, ఇవాళ నీ గదిలోంచి మెల్లగా ముందుగది దాకా వెళ్ళావు, చూశానులే!” అంటూ ఉంటే మురిసిపోయేది. కానీ చలి ముదిరేకొద్దీ ఆవిడ మోకాళ్ళలో బలం పోయింది. మొదట కర్ర చాల్లేదు, తర్వాత కోడలి భుజం చాల్లేదు. చివరికి ఒకనాడు లేవబోయి లేవలేక, మంచంపట్టె పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఏమనుకుందో ఏమో, ఆవిడ చూపు మూలనున్న తెల్లపెట్టె మీదికి పోయింది.

“కోడలా, దానికి మనుషుల పోలిక తెలుస్తుందా?”

“తెలియదట అత్తయ్యా. ఏదో ఒకటి కదిలితే చాలట.”

“అయితే నా నడక నువ్వు నడువు.”

రౌషాన్ నిర్ఘాంతపోయింది. “అయ్యో... అదేం మాట అత్తయ్యా! చిన్నబాబుకి తెలిస్తే...”

“తెలిస్తే నన్నెత్తుకుపోతాడు! తొమ్మిదో అంతస్తులో పెడతాడు. పొద్దస్తమానం వాడు ఆఫీసులో, నేను గోడలు చూసుకుంటూ... చచ్చాక లిఫ్టులో దింపుతారా నన్ను, సామాన్లు దింపినట్టు? గుట్ట మీద మీ మామయ్య పక్కన నా జాగా అలాగే ఉంది. నేను ఈ గుమ్మంలోంచే వెళ్ళాలే తల్లీ! నాకింక వేరే కోరిక లేదు. మాట ఇయ్యి.”

ఎండిపోయిన ఆ చెయ్యి ముందుకు చాచి ఉంది. మాట ఇస్తే, ఏదో ఒకరోజు ఈ సంగతి బయటపడక మానదు. ఆరోజుతో కొడుకు తన మొహం చూడడు... వదినా అన్న పిలుపు కూడా పోతుంది. మాట ఇవ్వకపోతే ఈ ముసలి ప్రాణం పరాయి గోడల మధ్య కొట్టుకుని కొట్టుకుని పోతుంది. ఇంత పెద్ద బరువు మోపేముందు ఎవరైనా ఒక్కసారి ఆమెని అడిగారా, నువ్వు మోయగలవా అని! అప్పుడు బిడ్డని ఇమ్మన్ననాడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని అత్తగారి చేతిలో చెయ్యి వేసింది.

మర్నాటినుంచి రౌషాన్ అత్తగారి నడక నడిచింది. పాలు పితికి వచ్చి చేతులు కడుక్కుని, మంచం దగ్గర మొదలుపెట్టి, గోడ పట్టుకుని, మోకాళ్ళు వంచి, మెల్లగా కిటికీ దాకా. అక్కడ కాసేపు ఆగేది. తర్వాత ముందుగదిలో పెద్దలు కూర్చునే చోటికి, అక్కడినుంచి వంటగదికి. తిన్నగా నడిచినా ఆ పెట్టెకి తేడా తెలియదని ఆమెకి తెలుసు. అయినా వడిగా నడిస్తే పట్టేసుకుంటుందేమోనని లోపల గుబులు! మంచంలోంచి ఉల్బికే తప్పులు దిద్దేది.

“మరీ అంత వంగకే! నేనేమన్నా నూరేళ్ళ ముసలిదాన్నా?”

“మీరు ఇలాగే నడుస్తారు అత్తయ్యా.”

“నడుస్తానులే! కిటికీ దగ్గర ఇంకాస్త నిలబడు, పక్కింటివాళ్ళ పొయ్యి పొగ చూడకుండా నేనెప్పుడు కదిలాను?”

ఇద్దరూ నవ్వుకునేవారు. అత్తాకోడళ్ళు అలా కలిసి నవ్వుకోవడం ఆ ఇంట్లో అంతకుముందు ఎన్నడూ లేదు. నవ్వయ్యాక రోజూ చేసే పని ఎలాగూ ఉండేది... ఆవిడని ఎత్తి కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, పక్కబట్టలు మార్చడం, వీపు పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పడం, వీపున వేసుకుని వేడినీళ్ళ గదికి మోసుకెళ్ళడం. కొడుకు ఫోన్‌లో మొహం చూస్తానంటే, ముందే తెల్లటి తలగుడ్డ కట్టి, వెనక దిళ్ళు పెట్టి దర్జాగా కూర్చోబెట్టేది.

ఒకరోజు అలా మాట్లాడి, ఫోన్ పెట్టేసేముందు దౌరెన్ అన్నాడు:

“చూశారా వదినా! అమ్మ మూడు గదులూ తిరుగుతోంది. మనల్ని ఎవరో చూస్తున్నారంటే అందరూ పని సరిగ్గానే చేస్తారు. ఈ పెట్టెలు ముందే పెట్టాల్సింది.”

రౌషాన్ తలవంచుకుని, “అవును చిన్నబాబూ,” అంది. ఫోన్ ఆగిపోయాక ఆవు దగ్గరికి వెళ్ళి, దాని మెడ మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు వినకూడదని!

మంచు కరిగింది. వసంతంలో కొత్త సంవత్సరం పండగ, నౌరుజ్ వచ్చింది. ఇంటింటా పాలు, గోధుమలు, మాంసం వేసి పండగ జావ కాస్తున్నారు. రౌషాన్ జావ పొయ్యి మీద పెట్టి, మాంసం ముక్క అడుగంటకుండా మంట తగ్గించి, అత్తగారి నడక నడవడానికి వచ్చింది. గోడ పట్టుకుంది. వంగింది. కిటికీ దాకా వెళ్ళి నిలబడి మెల్లగా వెనక్కి తిరిగింది...

గుమ్మంలో దౌరెన్! పండగకి చెప్పకుండా వచ్చాడు. చేతిలో ఫోన్ వెలుగుతోంది. ‘అమ్మ గదిలో కదలిక’ అని గేటు దగ్గరే చూసి, నడుస్తుండగా అమ్మని కళ్ళారా చూడాలని చప్పుడు చెయ్యకుండా లోపలికి వచ్చినట్టున్నాడు. మొహం మీద చిన్నపిల్లాడి నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ముసలిదానిలా వంగి నిలబడ్డ రౌషాన్‌ని చూశాడు, మంచం మీద బొమికల గూడైపోయిన ఉల్బికేని చూశాడు. అర్థం కావడానికి క్షణం పట్టింది.

“నన్ను మోసం చేశారు... ఇన్నాళ్ళూ! మా అమ్మని మంచాన పడేసి, మీరు... నాటకమా ఇది? ఎందుకు? అమ్మ వెళ్ళిపోతే ఈ ఇంట్లోంచి మిమ్మల్ని పొమ్మంటాననా?”

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. రౌషాన్ నోరు విప్పలేదు. విప్పితే మాట తప్పినట్టే! గోడకి ఆనుకుంది.

“ఇవాళే తీసుకెళ్తున్నాను. ఈ గుమ్మం మళ్ళీ తొక్కను. మీ మొహం...”

“ఒరేయ్! ఆగు!”

ఆ గొంతు మంచంలోంచి వచ్చింది. అంత గట్టి గొంతు ఆవిడలో ఇంకా మిగిలి ఉందని ఇద్దరికీ తెలియదు.

“నేను నడవమన్నాను, నడిచింది. దాన్నేమన్నా అంటే నా పాపం నీకు తగులుతుంది. కూర్చో ఇక్కడ. నిన్ను నేను తెచ్చుకున్నప్పుడు నీకింకా పాలు మాన్పించలేదురా. ఈ గోడకి ఇవతల నా పక్కలో నువ్వు పాలకోసం గుక్కపట్టి ఏడ్చేవాడివి. గోడకి అవతల ఇది... పాలతో జాకెట్టంతా తడిసిపోయి కూర్చునేది! రావద్దన్నాను నేను. వస్తే బిడ్డ నాకు మాలిమి కాడన్నాను. రాలేదు. గుమ్మం దాకా వచ్చి, నా మొహం చూసి, వెనక్కి పోయింది. నాకన్నీ కనబడ్డాయి. కనబడినా ఊరుకున్నాను, నువ్వు నాకు దక్కాలని! అప్పుడు రావద్దంటే రాలేదు. ఇప్పుడు నడవమంటే నడిచింది. ఇన్నేళ్ళలో నా మాట ఒక్కటి దాటలేదు. నన్ను వీపున మోసింది. నా మలమూత్రాలెత్తింది. నువ్వు ఫోన్‌లో అన్న మాటలన్నీ నేను విన్నాను, అది నవ్వుతూ వచ్చి నాకు జావ తాగించింది. ఎవర్రా నాటకాలాడింది? నేను!”

ఆవిడకి ఆయాసం వచ్చింది. రౌషాన్ గబగబా వెళ్ళి వీపు కింద చెయ్యి వేసి లేపబోయింది. అలవాటైన చెయ్యి అది. ఆ చెయ్యి వైపే చూస్తూ దౌరెన్ మంచం కోడు దగ్గర కూలబడిపోయాడు. మొహం రెండు చేతుల్లో దాచుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు.

“నాకెందుకు చెప్పలేదమ్మా...”

“చెబితే నువ్వు నా దగ్గర ఉండేవాడివా? నాకు భయం. తల్లినంటూ తిరిగానే గాని, దొంగసొమ్ము దాచుకున్నట్టు భయం! రౌషాన్, నీ బిడ్డని నీకు ఇచ్చేస్తున్నాను. ఆలస్యమైంది... క్షమించు తల్లీ.”

“అంత మాట అనకండి అత్తయ్యా!” రౌషాన్ ఆవిడ పాదాల మీద తల పెట్టుకుంది.

దౌరెన్ తలెత్తి కన్నతల్లి వైపు చూశాడు. పెదవులు కదిలాయి. ఎంత ప్రయత్నించినా మాట రాలేదు. “నోరు తిరగడం లేదమ్మా,” అన్నాడు ముసలావిడతో, తప్పుచేసిన పిల్లాడిలా.

“ఫరవాలేదు చిన్నబాబూ,” అంది రౌషాన్. నిజంగానే అంది. ఈ వయసులో వరస మార్చుకోమంటే ఎవరికైనా కష్టమే కదా! పొయ్యి మీద జావ అడుగంటిన వాసన వస్తుంటే లేచి వెళ్ళింది.

దౌరెన్ అమ్మని అల్మాటీ తీసుకెళ్ళలేదు. తనే ఉండిపోయాడు. ఆఫీసు పని కంప్యూటర్లోనే చేసుకుంటూ, ముసలావిడని నొప్పి కలగకుండా ఎలా ఎత్తాలో, ఎటు తిప్పాలో నేర్చుకున్నాడు. “మోకాలి కింద ముందు చెయ్యి పెట్టు చిన్నబాబూ,” అని రౌషాన్ చెబితే బుద్ధిగా పెట్టేవాడు. ఆ రోజునుంచి ఆమెని వదినా అని మాత్రం పిలవలేదు. అమ్మా అని కూడా పిలవలేదు. అవసరమైతే దగ్గరికి వచ్చి నిలబడేవాడు.

బయట పచ్చిక మీద ఎర్రగా గసగసాల పూలు పూసిన రోజుల్లో, ఉల్బికే అరచేతులు పైకి చాచి ఇద్దరినీ దీవించి, ఆ రాత్రే నిద్రలో వెళ్ళిపోయింది. ఆవిడ కోరుకున్న గుమ్మంలోంచే సాగనంపారు. గుట్ట మీద భర్త పక్కన పడుకోబెట్టారు. రౌషాన్ అంతగా ఏడుస్తుందని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. బిడ్డని తీసుకున్న అత్త కోసం అంత ఏడుపేమిటని కొందరు చెవులు కొరుక్కున్నారు. వాళ్ళకేం తెలుసు, ఒకరి నడక ఇంకొకరు నడిచాక పగలెక్కడ నిలుస్తుంది!

నలభయ్యో రోజు భోజనాలయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం రైలుకి దౌరెన్ కూడా వెళ్ళాలి. అతను వెళ్ళాక ఇంత ఇంట్లో తనొక్కతే అన్న తలపు రాకుండా రౌషాన్ వంటగదిలో గిన్నెలు తోముతూ కూర్చుంది. ముందుగదిలో అతని ఫోన్ మోగింది. పెట్టెలు అమ్మిన కంపెనీవాళ్ళు కాబోలు. అతని మాటలు మాత్రమే వినబడుతున్నాయి.

“అవునండీ... పోయారు. అందుకే ఆ గదిలో కదలిక లేదు... వద్దు వద్దు, ఆపకండి. అన్నీ అలాగే ఉంచండి. ఆ ఇంట్లో ఇంకా మనిషి ఉన్నారు. ఒక్కరే ఉంటారు... పేరు రౌషాన్. రాసుకోండి... పొద్దెక్కినా వంటగదిలో కదలకపోతే వెంటనే నాకు చెప్పాలి. ఏ టైమైనా సరే... ఏంటండీ? నాకేమవుతారా...”

మాట ఆగింది. రౌషాన్ చేతిలో గిన్నె ఆగింది.

“అమ్మండీ. మా అమ్మ.”

ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నాడు! తనతో కాదు... అయినా అన్నాడు! రౌషాన్ తడిచేతులతోనే నోరు నొక్కుకుంది. ఏడుపు అతనికి వినబడకూడదు, వినబడితే సిగ్గుపడతాడు, మళ్ళీ అననే అనడు. చెయ్యి తలగుడ్డ కొసకి తుడుచుకుని లేచింది. ఏ పనీ లేకుండానే వంటగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది, మళ్ళీ వెనక్కి తిరిగి నడిచింది. వంగలేదు, గోడ పట్టుకోలేదు, కన్నీళ్ళు కారుతుంటే కారనిచ్చి తన నడకే తను నడిచింది. కొడుకు ఫోన్‌లో వాళ్ళమ్మ కనబడాలి కదా మరి!