ఉండాల్సిన చోటు

సోమవారం పొద్దున తొట్టి మూత తెరిచేసరికి ఎనిమిది దేహాలు తయారుగా ఉన్నాయి.

2083లో వైద్య కళాశాలల్లో శవాలు లేవు. కళ్ళు మండించే మందు వాసన లేదు, దానపత్రాల మీద బంధువుల సంతకాలు లేవు. అనాటమీ హాలుకు కావలసిన శరీరాలను యంత్రమే పెంచిన కణాలతో పొరలు పొరలుగా అచ్చువేసి ఇస్తుంది. వాటికి ప్రాణం లేదు, ఎన్నడూ ఉన్నదీ లేదు. రక్తం మాత్రం ఉంటుంది, తప్పు చోట కోస్తే కారుతుంది. ప్రభుత్వ కాగితాల్లో వాటి పేరు పాఠదేహాలు, యంత్రం పేరు దేహముద్రణి. హాల్లో పాతికేళ్ళుగా పనిచేస్తున్న అటెండరు పైడిరాజు దాన్ని తొట్టి అన్నాడు. ఆ పేరే నిలిచింది.

తొట్టిని తయారుచేసిన ప్రొఫెసర్ సింహాద్రికి ఆ పేరు మీద అభ్యంతరం లేదు. ఆయన అభ్యంతరాలన్నీ విద్యార్థుల మీదే.

మూడో బల్ల దగ్గర మోక్షిత చెయ్యెత్తింది. మొదటి సంవత్సరం పిల్ల, నోట్సు పుస్తకాన్ని చంకలోంచి దించదు.

"సార్, ఈ బాడీ తప్పు సార్."

"ఏం తప్పు చేసింది?"

"కిడ్నీకి రెండు ధమనులున్నాయి. పుస్తకంలో ఒకటే ఉంది."

సింహాద్రి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ మాట పద్నాలుగేళ్ళుగా వింటున్నాడు.

"రేపు నీ దగ్గరికి వైద్యానికి వచ్చేది పుస్తకమా?"

"కాదు సార్."

"మరి దాని గొడవ దేనికి?"

మోక్షిత నోట్సు తెరిచింది. "పరీక్షలో ఎన్ని రాయమంటారు సార్? ఒకటా, రెండా?"

ఆయన కళ్ళజోడు తిరిగి పెట్టుకున్నాడు. జవాబు చెప్పి ప్రయోజనం ఉంటుందన్న నమ్మకం పోయి చాలాకాలమైంది.

మిగతా కళాశాలల తొట్లు ఒకే నమూనా దేహాన్ని వేలసార్లు అచ్చువేస్తాయి. వేలమంది స్కాన్లను కలిపి సగటు తీసిన దేహం అది. అటువంటి మనిషి భూమ్మీద ఒక్కడూ లేడు. సింహాద్రి తొట్టి అలాంటిది కాదు. మనుషుల్లో ఎన్ని తేడాలుంటాయో అన్నీ దానికి తెలుసు. ఎవరికో గుండె కుడివైపు ఉంటుంది, ఎవరికో ముంజేతి కండరం ఒకటి అసలే ఉండదు. తొట్టి అచ్చువేసిన ఏ రెండు దేహాలూ ఒకేలా ఉండవు.

ఈ సంగతి ఆయనకు మొదట నేర్పింది కళాశాల కాదు, మేకలు కోసే తండ్రి. మేక పొట్టలోంచి కాలేజా, అంటే కాలేయం, తీసేటప్పుడు దాన్ని అంటుకుని ఉన్న చేదుతిత్తి, అదే పిత్తాశయం, పగిలితే మాంసమంతా పాడవుతుంది. తండ్రి చదువుకోలేదు. రోజుకు ఆరు మేకలను కోసేవాడు. అయినా ప్రతి మేకలోనూ ముందు వేలు పెట్టి తడిమి, ఆ తర్వాతే కత్తి పెట్టేవాడు. "వేలు ముందురా, కత్తి తర్వాత" అనేవాడు. బంగారు పతకాలు తెచ్చుకున్నవాళ్ళకు ఈ పాటి తెలియకపోవడం సింహాద్రి ఓర్చుకోలేని విషయం.

ఓర్చుకోలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట ఆయన భార్య కమలినికి చేదుతిత్తిలో రాళ్ళు వచ్చాయి. అరగంట ఆపరేషన్. కోసేది యంత్రమే అయినా 'కొయ్యి' అన్న మాట డాక్టరే అనాలని చట్టం. మామూలుగా కాలేయానికి పోయే ధమని లోపల దాక్కుని ఉంటుంది, చేదుతిత్తికి పోయే సన్న ధమని పైకి కనిపిస్తుంది. ఆ సన్నదాన్ని కొయ్యాలి. కమలినికి కాలేయ ధమనే వంపు తిరిగి ముందుకు వచ్చి, సన్నది ఉండాల్సిన చోట పడుకుంది. డాక్టరు పుస్తకంలో బొమ్మను తలుచుకుని కొయ్యి అన్నాడు. నాలుగో రోజున ఆమె పోయింది. బయట బెంచీ మీద కూర్చున్న సింహాద్రి దగ్గరికి వచ్చి ఆ డాక్టరు చెప్పిన మాట ఒకటే. "మీ ఆవిడ ధమని ఉండాల్సిన చోట లేదండి."

తప్పు ఆమెదే అన్నట్టు చెప్పాడు. ఆ మాట మీద కోపంతోనే తొట్టి పుట్టింది. ఇంకే ఆడమనిషీ కమలినిలా పోకూడదు. ఆయనకు మిగిలిన కోరిక అది ఒక్కటే.

"సరే, కాలేయం దగ్గరికి రా" అన్నాడు మోక్షితతో.

ఆ పిల్ల ముఖం వెలిగింది. కాలేయం అంచు ఎత్తి వేలు పెట్టింది. "ఇదుగోండి సార్. వంపు తిరిగిన ధమని. చూస్తే చేదుతిత్తిదిలా ఉంటుంది, కానీ కాలేయానిది. దీన్ని ముట్టుకోకూడదు. దీనికి పైన చిన్న కొమ్మ ఉంటుంది, దాన్ని కొయ్యాలి."

ఒక్క మాట తడబడకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె చూసింది సార్ ముఖాన్నే. అది ఆయన గమనించలేదు. ఇన్నాళ్ళకు ఒక్కరైనా చూసి నేర్చుకున్నారనుకున్నాడు.

పాఠం అయ్యాక తొట్టి ప్రతి దేహంలో ఒక్కో భాగం గురించీ ఒకే ప్రశ్న అడుగుతుంది, ఇది ఎంత బాగా నేర్పిందని. పదికి ఎన్ని వేస్తే దాన్నిబట్టి తర్వాతి దేహాలను మెరుగుపరుచుకుంటుంది. కిడ్నీకి సింహాద్రి రెండు వేశాడు. కాలేయానికి పది వేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం యోషిత వచ్చింది. ఏడేళ్ళ కిందట చదువు ముగించిన పిల్ల, ఆయన మెచ్చుకున్న అతికొద్దిమందిలో ఒకతె. ఇప్పుడు వేరే ఊళ్ళో సర్జను. కూర్చోమన్నా కూర్చోలేదు. నలభై ఒక్క ఏళ్ళ ఆవిడకు చేదుతిత్తి ఆపరేషన్ చేశాననీ, ఆవిడ నిన్న పోయిందనీ చెప్పింది.

"పైన సన్న ధమని కనిపించింది సార్. కాలేయానిదే అనుకుని వదిలేశాను. చిన్న కొమ్మ కోసం వెతికాను. లేదు. ఇంకా లోపలికి వెళ్ళాను. అక్కడ ఒకటి దొరికింది. కొయ్యమన్నాను."

సింహాద్రికి అర్థమైంది. పైన వదిలేసింది చేదుతిత్తిది, లోపల దొరికింది కాలేయానిది.

"స్కాన్ తియ్యలేదా?"

"తీశాం. చూశాను. అందులోనూ నాకు మీరు చూపించిన ధమనే కనిపించింది."

"వాళ్ళాయనతో ఏం చెప్పావు?"

యోషిత నేల చూసింది. "ఉండాల్సిన చోట లేదని చెప్పాను సార్."

ఆయన గొంతు లేచింది. "సరిగ్గా పుస్తకంలో ఉన్న చోటే ఉందమ్మా. ఏ వెధవ పుస్తకం తెరిచినా మొదటి బొమ్మ అదే."

"పుస్తకం చూడొద్దన్నది మీరే కదా సార్." ఆమె గొంతు పెంచలేదు. "చదివిన ఏడాదంతా అలాంటి దేహం ఈ హాల్లో నేను ఒక్కటీ చూడలేదు."

ఆమెను పంపించి ఆయన తొట్టి ముందు నిలబడ్డాడు. ఇప్పటికి ఎన్ని దేహాలు చేశావని అడిగాడు. మూడు వేల నూట నాలుగు అంది.

"ముందుకు వంగిన కాలేయ ధమని ఎన్నిటికి?"

"మూడు వేల యాభై ఎనిమిదింటికి."

"నూటికి పదిమందికి ఉంటే ఎక్కువ. ఎందుకలా చేశావు?"

"మీరు పదికి పది వేసింది వాటికే" అంది తొట్టి. "అది లేని కాలేయాలకు మీరు రెండు, మూడు వేశారు. రెండో నెల నుంచి వాటిని తగ్గించాను. మీ మెప్పు పెరిగింది."

సింహాద్రి గోడకు చేరగిలబడ్డాడు. కిడ్నీలు మారాయి, చేతులు మారాయి, గుండెలు మారాయి. కాలేయం కింద పద్నాలుగేళ్ళుగా ప్రతి బల్ల మీదా పడుకున్నది కమలినే. ప్రతి సోమవారం ఆయన వెళ్ళి ఆమెను చూసుకుని, సంతోషపడి, పది వేసి వచ్చాడు.

బల్లలు తుడుస్తున్న పైడిరాజు ఇదంతా విన్నాడు. ఇది నీకు తెలుసా అని ఆయన అడిగితే తుడవడం ఆపలేదు.

"అందరికీ ఎరికే బాబూ. మీకూ ఎరికే అనుకున్నాం. సీనియర్లు రాసి ఇచ్చీసేవోరు, కాలేజా బల్లకాడ ఈ నాలుగు ముక్కలూ అప్పజెప్తే సారు పాస్ చేసెత్తాడని. కడుపు కొయ్యకముందే పిల్లలు అప్పజెప్పీగలరు. నానూ అప్పజెప్పగల్ను, ఇంతారా?"

"ఇన్నేళ్ళూ నాకు చెప్పాలనిపించలేదా?"

"మీరు నవ్వేది అక్కడొక్క కాడే కద బాబూ."

తిట్టడానికి ఎవరూ దొరకలేదు. పిల్లలు మార్కుల కోసం మేష్టారి ముఖం చదివారు. యంత్రమూ అదే చేసింది. ఆ ముఖం తనదే. బట్టీ పట్టేవాళ్ళను అసహ్యించుకుంటూ ఇన్నాళ్ళూ తను బోధించింది ఒక పేజీ ఉన్న పుస్తకం. ఆ పేజీ చదువుకుని ఎంతమంది ఎన్ని ఊళ్ళకు వెళ్ళారో ఆయనకు తెలుసు. చిరునామాలన్నీ ఉన్నాయి. శనివారం ఒక్కొక్కరికీ కాలేయ ధమని దగ్గర జాగ్రత్తగా ఉండమని ఉత్తరం పంపాడు. చాలామంది తాము చాలా జాగ్రత్తగా ఉన్నామని, సారు నేర్పిన ధమనిని మరిచిపోలేదని జవాబిచ్చారు. అది చదివి ఉత్తరాలు మళ్ళీ రాశాడు.

తొట్టితో తను వేసిన మార్కులన్నీ చెరిపెయ్యమన్నాడు.

"బోధన నాణ్యత తగ్గుతుంది" అంది.

"తగ్గనీ. మనుషుల్లో ఎలా ఉంటే అలా చెయ్యి."

సోమవారం మూత తెరుచుకుంది. ఎనిమిది దేహాలు. ఈ రోజు నేను కోస్తాను, మీరు చూడండి అని ఆయన మూడో బల్ల దగ్గర నిలబడ్డాడు. విద్యార్థులు చుట్టూ మూగారు. మోక్షిత ముందు వరుసలో నోట్సు తెరిచి పట్టుకుంది. ఆయన పుస్తకం గురించీ చెప్పలేదు, తన గురించీ చెప్పలేదు. వేలు ముందు, కత్తి తర్వాత అని మాత్రం చెప్పి కాలేయం అంచు ఎత్తాడు.

వేలు తనంతట తానే తిన్నగా కమలిని ధమని పడుకునే చోటికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. ఏమీ ఉండదని ఆయనకు తెలుసు, ఉండకూడదని చెప్పింది తనే. వేలు కొంచెం పైకి వెళ్ళింది, పక్కకు వెళ్ళింది, తిరిగి అక్కడికే వచ్చింది. మామూలు మనిషికి ఉండే సన్న ధమని వేలి కిందే ఉంది. ఆయనకు కనిపించలేదు.

"ఏమైంది సార్?" అంది మోక్షిత.

"ఉండాల్సిన చోట లేదు" అన్నాడు సింహాద్రి.

అన్నాక ఆ మాట ఆయన చెవిన పడింది.

మోక్షిత అది రాసుకుని, కింద గీత గీసింది.