అరకు సంతలో సోర్స్ కోడ్

"రేపు సాయంత్రానికల్లా ఆ ప్రోగ్రాం కాపీ ఒక్కటి కూడా అరకులో మిగలకూడదు," అన్నాడు దేవీప్రసాద్.

2004 డిసెంబరు. విశాఖపట్నం బీచ్ రోడ్డు వెనక సందులో ఒక పాత మేడ. గేటు మీద రొయ్యల ఎగుమతి కంపెనీ బోర్డు ఉంటుంది. ఆ మేడలోంచి ఒక్క రొయ్య కూడా ఏ దేశమూ వెళ్ళలేదు. అది ప్రభుత్వం పేరెత్తని ఒక రహస్య విభాగం. దేవీప్రసాద్ దానికి చీఫ్.

ఎదురుగా నిలబడ్డవాడు ఏజెంట్ ఫల్గుణ. డుంబ్రిగుడ దగ్గర కొండ ఊళ్ళో పుట్టాడు. ఆశ్రమ పాఠశాలలో చదువుకుంటున్నప్పుడు దేవీప్రసాద్ కంట పడ్డాడు. కాలేజీలో చేర్పించిందీ, తుపాకి పట్టడం నేర్పిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ ఆయనే. ఫల్గుణ నోటితో 'సార్' అనేవాడు. మనసులో వేరే మాట ఉండేది.

తెర మీద ఒక తెల్లవాడి ఫోటో వెలిగింది.

"మార్టిన్ క్రోగ్. గ్రెన్‌ఫాల్క్ అనే యూరప్ కంపెనీ మనిషి. పైకి కన్సల్టెంట్. అసలు పని పేటెంట్ వేట. ఎవరో రాసిన ప్రోగ్రాం లోకానికి తెలియకముందే ఎత్తుకెళ్ళి, తన కంపెనీ పేరు మీద పేటెంట్ పెడతాడు. ఆ తర్వాత రాసినవాళ్ళే దాన్ని వాడుకోవడానికి లైసెన్సు కొనుక్కోవాలి."

"అరకులో ఏముంది సార్ ఎత్తుకెళ్ళడానికి?"

"పిలుపు. వైర్‌లెస్‌లో వచ్చే గొంతు మీద గరగరంతా ఒలిచేసి, మాట ఒక్కటే మిగిల్చే ప్రోగ్రాం. కొండల మీద హెల్త్ వర్కర్లు దానితోనే అరకు డాక్టరుతో మాట్లాడుతున్నారు. రాసింది హేమలత. మీ వైపు అమ్మాయే. రేపు శుక్రవారం సంతలో దాని సోర్స్ కోడ్ అందరికీ పంచిపెడతానంటోంది. క్రోగ్ ఆల్రెడీ అరకులో దిగాడు."

"నా పని?"

"సోర్స్ ఒక్క సీడీలోకి ఎక్కించి మిగతాదంతా తుడిచేయించు. సీడీ సుమకి ఇవ్వు. క్రోగ్ ముఠాలో ఆమె మన డబుల్ ఏజెంట్. తను భద్రంగా నాకు చేరుస్తుంది. నేను రాత్రికి ఢిల్లీలో ఉంటాను."

"నేనే ఎందుకు సార్?"

దేవీప్రసాద్ నవ్వి అతని భుజం తట్టాడు. "నీ భాష వింటే ఆ పిల్ల నమ్ముతుంది."

*

మర్నాడు కిరండోల్ పాసింజర్‌లో ఫల్గుణ కాఫీ గింజల వ్యాపారి. బంగారు రంగు కళ్ళద్దాలు, నూనె రాసిన జుట్టు, ఒళ్ళో శాంపిల్ సంచి. శివలింగపురం దాటాక ఎదురు సీట్లోకి ఒకామె వచ్చి కూర్చుంది. ఆకుపచ్చ షిఫాన్ చీర, నల్ల కళ్ళజోడు. బోగీలో మగాళ్ళంతా ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు.

"ఈ దారిలో సొరంగాలు ఎన్ని?" అని అడిగింది.

"లెక్కపెట్టేవాడు కిటికీ పక్కన కూర్చోడు," అన్నాడు ఫల్గుణ.

కోడ్ సరిపోయింది. నిజానికి అవసరం లేదు. మూడేళ్ళ కిందట ఖాట్మండులో ఇద్దరూ భార్యాభర్తల వేషంలో ఒక చలికాలం గడిపారు. వేషం ఎక్కడ ఆగిందో ఫల్గుణకి ఈనాటికీ సరిగా తెలియదు.

సుమ చిన్న పాకెట్ రేడియో అతని ఒళ్ళో పెట్టింది. "క్రోగ్ గెస్ట్‌హౌస్ గదిలో గుండీ మైకు పెట్టాను. ఇది దాని రిసీవర్. రికార్డ్ కూడా చేస్తుంది. మధ్యాహ్నం అతన్ని కలవడానికి ఎవరో వస్తున్నారు."

"ఎవరు?"

"విను. తెలుస్తుంది." ఆమె కిటికీవైపు తిరిగింది. బండి సొరంగంలోకి దూరింది.

*

సంత వీధి చివర రేకుల గదిలో హేమలత కంప్యూటర్ సెంటర్. లోపల రెండు కంప్యూటర్లు, ఒక యూపీఎస్, గోడకి వైర్‌లెస్ సెట్. ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.సి.ఎ. చేసి, ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళకుండా ఇక్కడికే తిరిగొచ్చిన పిల్ల. ఆమె తల్లి పురిటినొప్పులతో పోయింది. ఆ రోజు సబ్‌సెంటర్ వైర్‌లెస్‌లో డాక్టరు చెప్పిన మాట గరగరలో ఎవరికీ అర్థం కాలేదు.

ఫల్గుణ ఆదివాసీ ఒరియాలో పలకరించాడు. ఏ ఊరో, ఎవరి కొడుకో చెప్పాడు. ఆమె ముఖం విప్పారింది.

"దాదా, మా పిన్నమ్మది మీ ఊరే. కూకో."

అన్నయ్య అనే పిలుపు. పట్నంలో అతన్ని అలా పిలిచేవాళ్ళు లేరు. అతను క్రోగ్ గురించి చెప్పాడు. సోర్స్ పంచవద్దన్నాడు. ఒక్క సీడీలో పెట్టి ప్రభుత్వానికి అప్పగిస్తే భద్రమన్నాడు.

"దాచమంటావేటి దాదా?" హేమలత కీబోర్డు మీద చేతులు తీసేసింది. "ఇదంతా నేనొక్కద్దాన్నే రాయలేదు. అడుగున ఉన్న కోడ్ బ్రెజిల్‌లో ఒకాయన, ఫిన్లాండ్‌లో ఇంకొకాయన రాసి వదిలేరు. సదువుకో, మార్సుకో, పంచుకో అన్నారు. నువ్వు మార్సింది కూడా అలాగే పంచాలి అన్నారు. అదొక్కటే షరతు. నేను తీసుకుని తలుపేసీసుకుంటే ఆల్ల దగ్గర దొంగిలించినట్టే గదా."

"పంచవద్దని కాదు. కొన్నాళ్ళు ఆగమంటున్నాను. క్రోగ్ పని పట్టాక మేమే తెచ్చిస్తాం."

"నువ్వు మాటిస్తావా?"

"ఇస్తున్నాను."

ఆమె కుర్చీ ముందుకి లాక్కుంది. తర్వాత సీడీ పెట్టింది. డ్రైవ్ గిర్రున తిరిగింది. సీడీ రాసాక రెండు కంప్యూటర్లలోనూ సోర్స్ ఫైళ్ళన్నీ తుడిచేసింది. ఫ్లాపీలు విరగ్గొట్టింది.

"ఇంక ఈ మిషన్లో పిలుపు నడుస్తాది గానీ, ఎలా నడుస్తాదో సెప్పే రాత ఇందులో లేదు," అంటూ సీడీ అతని చేతిలో పెట్టింది. "జాగర్త దాదా."

*

పద్మాపురం తోటలో, పూలకుండీల వెనక, సీడీ సుమ చేతిలోకి మారింది. ఆమె హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఫల్గుణ గెస్ట్‌హౌస్ ప్రహరీ పక్కన రాయి మీద కూర్చుని రేడియో చెవికి ఆనించాడు. కొండ అడ్డం. గరగర తప్ప ఏమీ వినబడలేదు. కానీ ఆ గరగర వెనక ఒక గొంతు లయ ఉంది. వాక్యం చివర ఆగి, చిన్నగా దగ్గి, మళ్ళీ మొదలవుతోంది. ఆ దగ్గు అతనికి ఎక్కడో తెలుసు.

మళ్ళీ సెంటర్‌కి వెళ్ళి రికార్డింగు హేమలత కంప్యూటర్‌కి తగిలించాడు. "దీంట్లో మాట తియ్యగలవా?"

హేమలత పిలుపుని నడిపించింది. గరగర పొరలు పొరలుగా రాలిపోయింది. స్పీకర్‌లో ఒక గొంతు, పక్క గదిలో ఉన్నంత స్పష్టంగా.

"సోమవారం మీరు మ్యూనిక్‌లో పేటెంట్ ఫైల్ చెయ్యండి. అప్పటికి సోర్స్ మీ దగ్గర తప్ప భూమ్మీద ఎక్కడా ఉండదు."

ఢిల్లీలో ఉండాల్సిన దేవీప్రసాద్ గొంతు.

"మీ ఏజెంట్‌కి అనుమానం రాదా?" క్రోగ్ ఇంగ్లీషులో అడిగాడు.

"ఫల్గుణకా?" చిన్న దగ్గు. "వాణ్ణి నేను పెంచాను. ఏం చెప్పినా నమ్ముతాడు. ఆ ఒక్క గుణం చూసే కొండ మీంచి దింపాను."

ఫల్గుణ రికార్డింగు ఆపాడు. జ్వరమొచ్చిన రాత్రి నుదుటి మీద పెట్టిన తడిగుడ్డ గుర్తొచ్చింది. ఆ చెయ్యి, ఈ గొంతు ఒకే మనిషివి. ఇన్నేళ్ళూ పెంపకం అనుకున్నది ట్రైనింగే. నిజమేదో, కవర్ స్టోరీ ఏదో కనిపెట్టడం నేర్పినవాడే, తనని కవర్ స్టోరీలో పెంచాడు.

పక్కన హేమలత లేచి నిలబడింది.

"సీడీ ఎక్కడుంది?"

"ఇచ్చేశాను."

"ఎవురికి?"

అతను స్పీకర్ వైపు వేలు చూపించాడు.

"నువ్వు మనోడివని నమ్మి నా సేత్తో నేను తుడిసేసేను," అందామె. ఆ తర్వాత మాట మార్చింది. "ఇప్పుడేటి సేత్తారు, సార్?"

ఫల్గుణకి దేవీప్రసాద్ మాటల కంటే ఆ 'సార్' లోతుగా దిగింది.

"తెస్తాను. తెచ్చాక దాచవద్దు. దాస్తే వీళ్ళు ఇంకొకణ్ణి పంపుతారు. లోకమంతటికీ ఇచ్చేస్తే పేటెంట్ పెట్టడానికి కొత్తదేమీ మిగలదు. ఇంటర్నెట్ లైను కలిపి ఉంచు."

*

గెస్ట్‌హౌస్ గేటు బయట క్రోగ్ మాట్లాడుకున్న జీపు. డ్రైవర్ అప్పన్న బీడీ కాలుస్తున్నాడు. ఫల్గుణ రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు.

"హేమలత గుంటదా?" అప్పన్న బీడీ ఆర్పేశాడు. "ఆ పెట్టెలోంచి డాక్టరమ్మ మాటాడబట్టే నా ఆడది బతికింది బాబూ. ఇదిగో తాళాలు. బేగి ఎక్కు. నా బండి గుద్దీకు."

కాఫీ వ్యాపారి మాయమయ్యాడు. అప్పన్న ఖాకీ చొక్కా, మంకీ క్యాప్, మఫ్లర్‌తో కొత్త డ్రైవరు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కాసేపటికి ముగ్గురు వచ్చి ఎక్కారు. ముందు సీట్లో క్రోగ్. వెనక దేవీప్రసాద్, సుమ.

"అనంతగిరి మీదుగా ఎయిర్‌పోర్ట్. త్వరగా," అన్నాడు దేవీప్రసాద్. డ్రైవరు ముఖం వైపు చూడలేదు. ఆయనకి ఆ మఫ్లర్ వెనక ఎవరున్నా ఒకటే.

అద్దంలో సుమ కళ్ళు ఫల్గుణ కళ్ళని పట్టుకున్నాయి. ఒక్క క్షణం. ఆమె నల్ల కళ్ళజోడు కళ్ళకి పెట్టుకుంది. బ్యాగులోంచి సీడీ తీసి దేవీప్రసాద్‌కి ఇచ్చింది.

ఆయన దాన్ని వెలుగుకి ఎత్తి, ముందుకి వంగి, క్రోగ్‌కి అందించబోయాడు. "ఇదిగో మీ..."

జీపు ఘాట్ రోడ్డు దారి వదిలి సంతలోకి తిరిగింది. అల్లం బస్తాలు, పిప్పళ్ళ రాశులు, కోళ్ళ గంపలు.

"డ్రైవర్, ఇటెక్కడికి?"

ఫల్గుణ బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. క్రోగ్ నుదురు అద్దానికి కొట్టుకుంది. దేవీప్రసాద్ చేతిలోంచి సీడీ ఎగిరి గేర్ రాడ్ దగ్గర పడింది. దాన్ని అందుకుని ఫల్గుణ జనంలోకి దూకాడు. వెనక పిస్టల్ సేఫ్టీ తీసిన చప్పుడు. కానీ కాల్చడానికి ఖాళీ లేదు. సంతంతా అడ్డమే.

*

హేమలత చేతిలోంచి సీడీ డ్రైవ్‌లోకి వెళ్ళింది. మోడెం కీచుమంది. తెర మీద నీలం గీత నెమ్మదిగా పాకడం మొదలెట్టింది. బ్రెజిల్ ఆయన నడిపే సర్వర్ మీదికి పిలుపు సోర్స్ ఎక్కుతోంది. అంతలో అరకులో కరెంటు పోయింది. యూపీఎస్ కూత మొదలుపెట్టింది.

గుమ్మంలో దేవీప్రసాద్ నిలబడ్డాడు. జుట్టు చెదిరి ఉంది. పిస్టల్ మాత్రం చెదరలేదు.

"పక్కకి తప్పుకో, ఫల్గుణా. ఆర్డర్."

ఫల్గుణ మఫ్లర్ విప్పి హేమలతకి అడ్డంగా నిలబడ్డాడు. "ఎందుకు సార్ ఇలా చేశారు?"

"ముప్ఫై ఏళ్ళు దేశం రహస్యాలు కాపలా కాశాను. ఒక్కటీ నాది కాలేదు. అమ్మడానికి నాదంటూ ఒకటి కావాలనిపించింది."

"ఇది మీది కాదు."

"ఆ పిల్లది కూడా కాదుగా. తనే చెబుతుంది, అందరిదీ అని. అందరిదీ అంటే ఎవరిదీ కాదు." దగ్గు. "నిన్ను కాల్చాలని లేదు. నమ్ము."

"ఇంతకాలం అదే పని చేశాను సార్."

యూపీఎస్ కూత తొందరపడింది. దేవీప్రసాద్ వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

"ఎక్కిపోనాది," అంది హేమలత.

తెర ఆరిపోయింది. గదిలో యూపీఎస్ కూడా ఆగింది.

"ఇప్పుడు కాల్చండి," అన్నాడు ఫల్గుణ. "సోర్స్ సర్వర్ మీద ఉంది. ఎవరైనా దింపుకోవచ్చు. సోమవారం మ్యూనిక్‌లో ఏం ఫైల్ చేస్తారు?"

పిస్టల్ కొద్దిగా దిగింది. అదే క్షణంలో దేవీప్రసాద్ మెడ వెనక ఇంకో పిస్టల్ ఆనింది. సుమ. ఆమె వెనక, పొద్దుట్నుంచి సంతలో అల్లం బేరమాడుతున్న ఇద్దరు మనుషులు క్రోగ్ రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"విజిలెన్స్," అంది సుమ. "మీరు నన్ను క్రోగ్ ముఠాలో పెట్టారు సార్. పైవాళ్ళు నన్ను మీ మీద పెట్టారు."

*

వాళ్ళని జీపులు ఎక్కించాక సుమ అతని దగ్గరికి వచ్చింది.

"నీకు మొదట్నుంచీ తెలుసు," అన్నాడు ఫల్గుణ.

"రిసీవర్ నీ ఒళ్ళో ఎందుకు పెట్టాననుకున్నావు?"

"నోటితో చెప్పొచ్చుగా."

"ప్రసాద్ నీ ముఖం పుస్తకంలా చదువుతాడు. అతను సీడీ చేతికి తీసుకుంటే తప్ప నా కేసు నిలబడదు."

"నేను జీపులో లేకపోతే? సీడీ వెళ్ళిపోయి ఉంటే?"

సుమ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. "కేసు ఇంకా బలంగా ఉండేది."

ఖాట్మండులో వేషం ఎక్కడ ఆగిందో ఫల్గుణకి అప్పుడు తెలిసింది. అసలు ఆగనే లేదు.

ఆమె వెళ్ళిపోయింది. సంత సర్దుకుంటోంది. హేమలత గడప మీద కూర్చుని విరిగిన ఫ్లాపీ ముక్కలు ఏరుతోంది. ఫల్గుణ వంగి రెండు ముక్కలు అందించాడు.

"కోపంగా ఉందా?"

"లేదు సార్. సీడీ తెచ్చేరు, తూటాకి అడ్డం నిలబడ్డారు. అది మర్సిపోను." ఆమె ముక్కలు కవర్లో వేసింది. "ఇంకోసారి ఎవురైనా మన మాటల్లో పలకరిత్తే మాత్రం, ముందు భయమేత్తాది. దానికేటి సెయ్యలేను."

అతను తలూపి రైలుకి నడిచాడు.

రెండు వారాల తర్వాత విశాఖలో, రొయ్యల బోర్డు ఉన్న మేడలో, ఫోన్ మోగింది. అవతల కొత్త చీఫ్.

"ఏజెంట్ ఫల్గుణ, ఆ అరకు ప్రోగ్రాం మన విభాగానికి చాలా అవసరం. టాప్ సీక్రెట్. వేషం వేస్తావో, గోడ దూకుతావో నీ ఇష్టం. ఎలా సంపాదిస్తావు?"

"అడుగుతాను సార్," అన్నాడు ఫల్గుణ.

ఆ పద్ధతి విభాగంలో ఇదివరకు ఎవరూ వాడినట్టు లేదు.