మీ అమ్మాయి విభేదించింది

ఇందుమతి, లెక్చరర్, నలభై ఆరేళ్లు. చేతిలో పెన్సిల్ లేకుండా పెళ్ళి శుభలేఖ కూడా చదవదు.

ఆ ఉదయం మాత్రం పెన్సిల్ పక్కన పెట్టి బల్బుల వైపు చూస్తోంది. కాకినాడలో ఒక ప్రైవేటు ఆడపిల్లల జూనియర్ కాలేజీ, ఇంటర్ రెండో సంవత్సరం గది. ప్రతి పిల్ల నుదుటి మీదా ఒక గుడ్డ పట్టీ, ప్రతి పిల్ల ముందూ బెంచీ మీద ఒక చిన్న బల్బు. అందరూ ఒకే వ్యాసం చదువుతున్నారు. బల్బులన్నీ పసుపే.

"బట్టీ పడుతున్నారు," అన్నాడు డాక్టర్ ఫణీంద్ర. ఆ యంత్రం తయారుచేసింది ఆయనే.

"ఇన్నేళ్లూ మేం నేర్పింది అదేగా," అంది ఇందుమతి.

ఆ పట్టీ పనిచేసే తీరు అర్థం కానిదేం కాదు. చదివేటప్పుడు మెదడులో ఏ భాగం కదులుతోందో దానిలోని సెన్సర్లు పసిగడతాయి. మాటల్ని మాటలుగానే దాచుకుంటుంటే పసుపు. అర్థం చేసుకుంటుంటే ఆకుపచ్చ. చదివినదానితో పేచీ పెట్టుకుని, అవునా, ఎందుకని, అంటూ సొంత వాక్యం వెతుక్కుంటుంటే నీలం. డిగ్రీలో చేరిన పిల్లలు ఒక పుస్తకం చదివి నాలుగు పేజీలు సొంతంగా రాయలేకపోతున్నారని దేశమంతా గగ్గోలు పుట్టాక, యూనివర్సిటీలు మార్కులతో పాటు నీలాన్ని కూడా అడగడం మొదలుపెట్టాయి. విశాఖలో సీటు కావాలంటే ఇంటర్ చివరి నెలలో రోజుకు సగటున అరగంటైనా నీలం వెలగాలి.

మొదటి నీలం ఉత్పలది. "ఇల్లాలి ఓర్పే దేశానికి పునాది" అన్న వాక్యం దగ్గర వెలిగి, ఇక ఆరలేదు.

"ఏమనుకున్నావే?" అంది ఇందుమతి.

"వేరే దారి లేకపోవడానికి ఓర్పని పేరు పెట్టిందెవరా అని, మేడం. పెట్టినాయన ఒక్క పూటైనా వంట చేశాడా అని కూడా."

గది గొల్లుమంది. మరో మూడు బల్బులు నీలమయ్యాయి.

"అదే రాయి," అంది ఇందుమతి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మన కాలేజీలకు ఒక అలవాటుంది. పిల్ల ఆలస్యంగా వచ్చినా, వీక్లీ టెస్టులో మార్కు తగ్గినా నాన్న ఫోనుకు మెసేజ్ కొట్టాల్సిందే. ఆఫీసువాళ్ళు బల్బు రంగుల్ని కూడా ఆ సిస్టమ్‌కే తగిలించారు. సాయంత్రానికి ఉత్పల తండ్రికి అందిన మెసేజ్ ఇది: మీ అమ్మాయి ఈ రోజు నలభై నిమిషాలు విభేదించింది.

తండ్రి వీర్రాజుకు జగన్నాథపురంలో టైర్ల షాపు ఉంది. మర్నాడు షట్టరు కూడా ఎత్తకుండా కాలేజీకి వచ్చేశాడు.

"దేంతో విభేదించిందండీ మా పిల్ల?"

"ఒక వ్యాసంతోనండీ," అన్నాడు ఫణీంద్ర నెమ్మదిగా.

"అది రాసినాయన పెద్దాయనేనా?"

"పెద్దాయనే. పోయారు కూడా."

"పోయినోళ్ళని కూడా వదల్లేదన్నమాట! ఇవాళ ఆయన, రేపు నేను, ఎల్లుండి కట్టుకున్నోడు."

"పై చదువంటే ఇదేనండీ. చదివింది నమ్మాలో లేదో తేల్చుకోవడం రావాలి."

"ఆడపిల్లకి అంత తేల్చుకునే పనేం ఉంటదండీ? ఇలాంటి మెసేజ్ ఇంకోటొస్తే మాన్పించేస్తాను. విశాఖా లేదు, గిశాఖా లేదు."

ఆయన ఊపుతున్న ఫోనులో ఇంకో మెసేజ్ కూడా ఇందుమతి కంటపడింది. ఉత్పల కవల సోదరుడు ఉదయ్ అదే కాలేజీవారి అబ్బాయిల బ్రాంచిలో చదువుతున్నాడు. మీ అబ్బాయి ఈ రోజు పన్నెండు నిమిషాలు స్వతంత్రంగా ఆలోచించాడు.

"వీర్రాజుగారూ, ఇదీ అదీ ఒకటేనండీ. అదే పట్టీ, అదే నీలం. మీ అమ్మాయికే ఎక్కువసేపు వెలిగింది."

"ఒకటెలా అవుద్దండీ? వీడి మెసేజ్‌కి షాపులో కాజాలు పంచాం."

మాటలు రాసింది యంత్రం కాదు, ఆఫీసు. ఆడపిల్ల పక్కన "స్వతంత్రం" అని కనబడితే తల్లిదండ్రులు కంగారుపడతారని మార్చారట. ఇందుమతి వెళ్ళి అడిగితే, ఏడాది మధ్యలో మెసేజ్‌లు మార్చడం కుదరదన్నాడు ప్రిన్సిపాల్. ఆ ముక్క అంటున్నప్పుడు ఆయన నుదుటికి పట్టీ లేదు గాని, ఉంటే ఏ రంగో చెప్పొచ్చు.

ఆడపిల్లలు వారం తిరక్కుండానే విరుగుడు కనిపెట్టారు. కళ్ళు పేజీ మీద, మనసులో పదిహేడో ఎక్కం. బల్బులన్నీ మళ్ళీ పసుపు. మీ అమ్మాయి శ్రద్ధగా కంఠస్థం చేసింది, అని మెసేజ్‌లు వెళ్ళాయి. ఇళ్ళు చల్లబడ్డాయి.

"ఎక్కాలకి విశాఖలో సీటివ్వరే," అంది ఇందుమతి.

"నీలం వెలిగితే నాన్న మాన్పిస్తాడు, పసుపు వెలిగితే యూనివర్సిటీ వద్దంటుంది," అంది ఉత్పల. "ఏ రంగులో చదవమంటారో మీరే చెప్పండి మేడం."

చివరి నెల మొదలైన రోజున ఇందుమతి, క్లాసు ఇన్‌ఛార్జి హోదాలో కంప్యూటరు తెరిచి, తండ్రుల ఫోను నంబర్లన్నీ తీసేసి అన్నిచోట్లా తన నంబరు పెట్టింది. తర్వాత గదిలోకొచ్చి తలుపు వేసింది.

"ఇవాళ్టి నుంచి మీ అందరికీ నాన్నని నేనే. ఎక్కాలు ఆపి చదవండి."

"నాన్నగారూ, కాఫీ తెమ్మంటారా?" అంది వెనక బెంచీ. నవ్వు ఆగాక చదువు మొదలైంది. మధ్యాహ్నానికి గది నీలంగా ఉంది. సాయంత్రం ఇందుమతి ఫోను చార్జింగ్ అయిపోయేదాకా మోగింది.

పసుపు ఉన్నట్టుండి నీలమెలా అయిందో ఫణీంద్రకు అంతుపట్టలేదు. పట్టీకి అలవాటుపడటానికి ఆడపిల్లల మెదడుకు ఎక్కువ కాలం పడుతుందని పరిశోధనా వ్యాసం రాసి ఇందుమతికి చూపించాడు. ఆమె పెన్సిల్ తీసుకుని మొదటి పేరా కొట్టేసి, ఎక్కాల సంగతి చెప్పింది.

"ఎక్కాల్ని యంత్రం పట్టుకుంటుందండీ. ఎందుకు చదివారో పట్టుకోదు," అన్నాడు ఫణీంద్ర. వ్యాసం మాత్రం మొదట రాసినట్టే అచ్చయింది.

ఉత్పలకు విశాఖలో సీటొచ్చింది. ఉదయ్‌కు రాలేదు. వీర్రాజు కాలేజీకొచ్చి ఇందుమతికి చేతులెత్తి దండం పెట్టాడు.

"నోరు తగ్గించుకుంది కాబట్టే వచ్చిందండీ సీటు. ఆ మెసేజ్‌లు ఆగిన దగ్గర్నుంచే పిల్ల దార్లో పడింది. మీ క్రమశిక్షణేనండీ అంతా."

"చేరేటప్పుడు మీరే వెళ్ళి దింపి రండి," అంది ఇందుమతి.

నంబర్ల సంగతి బయటపడి మేనేజ్‌మెంట్ ఆమెకు మెమో ఇచ్చింది. ఆమె సంజాయిషీ రాయలేదు. ఆ జూన్‌లో బ్యాంకుకు వెళ్ళి, ఇరవై రెండేళ్లుగా భర్త ఫోనుకు వెళ్తున్న తన జీతం మెసేజ్‌ను తన ఫోనుకు మార్పించుకుంది.